ఫ్రీజరు దిగని కరీమున్నీసా

కరీమున్నీసా ముప్పయ్యేళ్లుగా అనకాపల్లిలో బట్టలు కుడుతోంది. ముందుగదిలో ఆవిడ మిషను. మిగతా ఇల్లంతా మొగుడు వలి బాగుచేసే ఫ్రిజ్జులే. వాటితో ఏ పేచీ లేదుగానీ, తెలియని సరుకు గుమ్మం దాటాలంటే మాత్రం ఆవిడకు పేరూ ఊరూ చెప్పాల్సిందే.

ఆ ఉదయం వలి వెనకాలే బిందుమాధవి అనే అమ్మాయి చిన్న థర్మాకోల్ పెట్టెను గుండెలకు హత్తుకుని వచ్చింది. ఊరిబయట ల్యాబులో పరిశోధన చేస్తుంది. అక్కడి డీప్ ఫ్రీజరు మొరాయించింది. వలి దాన్ని బాగుచేసేదాకా పెట్టెను ఇంట్లో బాగుచేసి ఉంచిన ఐస్‌క్రీం ఫ్రీజరులో దాచాలట.

"ఏటమ్మా ఇది?"

"మనిషి ప్రొటీన్ ఆంటీ."

కరీమున్నీసా రెండడుగులు వెనక్కి వేసింది. "ఏ మనిషిది?"

"ఎవరి ఒంట్లోంచీ తియ్యలేదు. మనిషి జీన్‌ని బ్యాక్టీరియాలో పెట్టి దానిచేత చేయించేం. మన ఒంట్లో డీఎన్‌ఏ రోజూ ఎక్కడో అక్కడ తెగుతుంటాది. ఆ కొసల్ని ఇది అతుకుతాది. ఆర్నెల్ల కష్టం ఆంటీ. వేడి తగిలితే మొత్తం పోద్ది." అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే ఇదీ దర్జీయే," అంది కరీమున్నీసా. "నువ్వెళ్లమ్మా. నువ్వొచ్చేదాకా మూత తియ్యనివ్వను."

వాళ్లిద్దరూ ల్యాబుకు వెళ్లిన అరగంటకే ఆ ఫ్రీజరు సొంతదారు పైడిరాజు నక్కపల్లి నుంచి వ్యానేసుకుని ఊడిపడ్డాడు.

"వదినా, నా ఫ్రీజరు అయిపోయిందంట కదా. అట్టుకుపోతాను."

కరీమున్నీసా వెళ్లి ఫ్రీజరు మూత మీద కూర్చుంది. ఆవిడది భారీ శరీరం. ఇక లేపడం ఎవరి తరం?

"ఇదేటి వదినా! మధ్యాన్నం ఐస్‌క్రీం లోడు వత్తాది!"

"రానీ."

"లోపలేటుందసలు?"

ఆవిడకు అబద్ధం ఆడటం చేతకాదు. "మనిషి ప్రొటీన్."

పైడిరాజు మొహంలో నెత్తురుచుక్క లేదు. వీధి వీధంతా గుమ్మంలో పోగైంది. "పొద్దున్నించీ వలి బాబాయ్ కనబడట్లేదేటి?" అని ఎవరో అనుమానం వెలిబుచ్చారు. పైడిరాజు వెంటనే వలికి ఫోన్ చేశాడు. "బతికే ఉన్నాను బావా," అన్నాడు వలి అవతల నుంచి. "నా పని అవనీ. దాన్ని లేపకండి."

మూడు గంటలు. కాళ్లు తిమ్మిరెక్కాయి, నడుం పట్టేసింది. టీ కూడా అక్కడే తాగింది.

ల్యాబు ఫ్రీజరు బాగవగానే బిందుమాధవి తిరిగొచ్చి, పెట్టెలోంచి ట్యూబు తీసి వెలుగులో చూసింది. లోపల నీళ్లు కదులుతున్నాయి. కరీమున్నీసా దగ్గరికొచ్చి చూసింది. "అల్లా! కరిగిపోయిందమ్మా! మాట తప్పేను!" అని భోరుమంది.

"లేదాంటీ, గడ్డకట్టకుండా గ్లిజరిన్ కలిపేం. ఇలాగే ఉండాలి. కానీ పనిచేత్తాదో లేదో రేపు పరీక్ష పెడితేగానీ తెలీదు."

ఆ సాయంత్రం కరీమున్నీసా ఒకే జాకెట్టుకు రెండు ఎడమ చేతులు కుట్టింది. ఫ్రీజరు పట్టుకెళ్లిన పైడిరాజు కూడా ఉండబట్టలేక రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. "ఆంటీ! తెగిన డీఎన్‌ఏ అంతా అతికేసింది!"

కరీమున్నీసాకు పట్టలేని సంతోషం కలిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఆవిడకు తన కుట్టుపని గుర్తొచ్చింది.

"అతుకు పైకి కనబడతందా?"

"లేదాంటీ. ఎక్కడ తెగిందో మాకే తెలీట్లేదు."

"అయితే పనొచ్చినోడే," అంది కరీమున్నీసా.