ఓవర్సీస్ ముఠా

మా ముత్తాత చినజగ్గరాజు గారు విజయనగరం వైపు పన్నెండు గ్రామాలకు ముఠాదారు. ముఠా అంటే ఇప్పటివాళ్ళు దొంగల గుంపు అనుకుంటారు. ఆ రోజుల్లో అది చిన్నపాటి జమీ. ఆయన వీధిలోకి వస్తే చుట్ట కాల్చేవాడు చుట్టను మింగేసేవాడట. పండగనాడు రైతులు కానుకలు పెట్టడానికి ఆయన ముందు ఒక గుండ్రటి వెండి పళ్ళెం ఉండేది, అంచు మీద ఆయన పేరు చెక్కి. మా తాతగారి కాలంలో ఒక ఓవర్సీరు మా చెరువుకు గట్టు కట్టాడు. మొదటి వానకు గట్టు పోయింది, గట్టు వెనక పంట, పంట వెనక పొలాలు, చివరికి మేడ. మేడ పోయినా మీసం పోలేదన్నట్టు మా నాన్నగారు భిలాయి వచ్చి, ప్లాంటులో చేరి, సెక్టర్ 2 క్వార్టరులో కూడా దర్బారులో కూర్చున్నట్టే కూర్చునేవారు. ఆయన పోయాక నాకు దక్కినవి నిటారు వెన్ను, ఓవర్సీర్ల మీద అనుమానం. వెండి పళ్ళెం అమ్మ ఇనప్పెట్టెలో భద్రంగా ఉండేది. ఈ ఆస్తితో నేను తెచ్చుకున్న ప్రళయం గురించి చెబుతాను. నవ్వదలచినవాళ్ళు లేచి నిలబడి నవ్వండి. మా వంశానికి ఆ మాత్రం మర్యాద చాలు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. మా తెలుగు సంఘం సెక్రటరీ ప్రకాశం గారు సభలో లేచి, "పెద్ద తెర మీద కొత్త తెలుగు సినిమా చూసి ఎన్నాళ్ళయింది! వచ్చే ఆదివారం ఉదయం ఆటకు హాలు ఇస్తామంటున్నారు. బొమ్మ ఎవరు తెస్తారు?" అన్నారు.

నేను లేచాను. అసలు కూర్చుంటే కదా, మా వెన్ను వంగదు.

వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది. "రాదు బాబూ. కొత్త బొమ్మ మన దాకా ఏల వస్తాది?"

క్యాంప్ 1లో ఉండే అప్పలనాయుడు గారు. రిటైరై ఏళ్ళయినా ఊరంతా ఆయన్ని ఓవర్సీరు అనే పిలిచేది. మా చెరువుగట్టు నా కళ్ళ ముందు మళ్ళీ తెగింది.

"తేలేకపోతే మా ముత్తాత వెండి పళ్ళెం సంఘానికి ఇచ్చేస్తాను!" అన్నాను.

సభ చప్పట్లు కొట్టింది. ఓవర్సీరు మాత్రం తెల్లబోయాడు. "అంత మాట ఏల బాబూ? ఒగ్గీండి, ఒగ్గీండి" అన్నాడు.

పళ్ళెం నాది, కంగారు ఇతనికేమిటి? అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది కులదైవం. ఆ క్షణం నుంచే పూజ మొదలైంది.

మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి విశాఖపట్నంలోని సినిమా ఏజెంటుకు ఫోను చేశాను. లైనులో పకోడీలు వేగుతున్నట్టు చప్పుడు.

"మీది ఏ ఏరియా అండీ?"

"భిలాయి."

"ఉత్తరాంధ్ర కాదు, సీడెడ్ కాదు, నైజాం కాదు. ఆంధ్రా దాటితే మొత్తం ఓవర్సీస్‌కే ఇచ్చేశామండి."

నాకు వినిపించింది 'ఓవర్సీర్స్'.

"వాళ్ళకెందుకిచ్చారు?"

"భలేవారే! బొమ్మ హిట్టో ఫట్టో ఇప్పుడు తేల్చేది వాళ్ళేగా. మన జిల్లాల్లో నెల ఆడితే వచ్చేది వాళ్ళు ఒక్క శని, ఆదివారాల్లో ఇచ్చేస్తున్నారు."

"ఓవర్సీర్లా!"

"ఆఁ, ఓవర్సీసే. మంచుకొండల్లో పాటలు ఎవరి కోసం తీశామనుకున్నారు? పల్లెటూరి ఫైటు కోసేసి విమానాశ్రయం సీను పెట్టాం. అదీ వాళ్ళకు నచ్చుతుందనే."

"మా ఆదివారం ఆట సంగతి?"

"ప్రింటు వాళ్ళ దగ్గరుంది. వాళ్ళు వదిలితేనే మీకు." ఫోను పెట్టేశాడు.

పాఠకులారా, మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం బూత్ గోడకు ఆనుకుని ఆలోచించాను. చివర 'స్' ఉంది, అంటే ఒకడు కాదు, గుంపు! చెరువుగట్లు మింగి చాలక, ఇప్పుడు సినిమాలు కూడా వీళ్ళ చేతిలోకి పోయాయన్నమాట. రిటైరైన మనిషి మొన్న వేసవిలో కొత్త కూలరు ఎలా కొన్నాడా అనుకున్నాను. మంచుకొండల డబ్బు, చల్లగానే ఉంటుంది మరి.

సాక్షిగా ప్రకాశం గారిని వెంటబెట్టుకుని క్యాంప్ 1 గల్లీలో దిగాను. ఓవర్సీరు గుమ్మంలో మెంతికూర తుంచుతున్నాడు.

"ప్రింటు ఎక్కడ?" అన్నాను.

"ఏటి ప్రింటు బాబూ?"

భిలాయిలోనే పుట్టి పెరిగిన ఆయన కోడలు సునీత లోపలినుంచి తొంగి చూసింది. "సాడీ ప్రింటా అంకుల్?"

"సినిమా ప్రింటు! ఓవర్సీరు చేతిలో ఉందని ఏజెంటే చెప్పాడు. మంచుకొండల పాటలు, విమానాశ్రయం సీను, అన్నీ వీరి ఆజ్ఞేనట!"

సునీత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అరే అంకుల్, ఓవర్సీస్ మత్లబ్ విదేశ్! అమెరికా, దుబాయి! అక్కడ బాగా ఆడితేనే సినిమా హిట్. మా మామగారు పక్కనున్న కుమ్హారి దాటి ఎక్కడికీ పోరు!"

అయితే కోడలు కూడా ముఠాలో ఉందన్నమాట, అనుకున్నాను.

మంచం కింద ఒక ట్రంకుపెట్టె కనిపించింది. నేను వంగాను. మా వంశంలో వంగిన మొదటివాణ్ణి నేనే.

"ఆ పెట్టె ఒగ్గీండి బాబూ! మీ కాళ్ళకి దండం!" ఓవర్సీరు మెంతికూర వదిలేసి పరుగున వచ్చాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. రీళ్ళ దొంగంటే ఇతను పెట్టెకు అడ్డం పడ్డాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? మూత తీసి చెయ్యి పెట్టాను. ఎర్రగుడ్డలో చుట్టి, గుండ్రంగా, పల్చగా, చల్లగా, లోహం!

"రీలు!" అని అరిచి పైకెత్తాను. గుడ్డ జారింది.

వెండి. అంచు మీద చినజగ్గరాజు గారి పేరు.

ప్రకాశం గారు కళ్ళద్దాలు సర్దుకుని, "మీ అమ్మగారి పెట్టెలో ఉందన్నారు కదా రాజావారూ?" అన్నారు.

"దాచమని ఈ బాబు నాన్నగారు, పెద్దరాజు గారు, నాకిచ్చినారు. సెక్టర్లో దొంగల భయం కదేటి" అన్నాడు ఓవర్సీరు గబగబా.

"మంచిది. ఆదివారం బొమ్మ పడకపోతే ఎక్కడికొచ్చి తీసుకోవాలో తెలిసింది" అని ప్రకాశం గారు వెళ్ళిపోయారు.

బుద్ధిమంతుడైతే అప్పుడైనా ఊరుకుంటాడు. నేను పళ్ళెం చంకన పెట్టుకుని, "ఇన్నాళ్ళు దాచినందుకు సంతోషం. ఇక మేమే దాచుకుంటాం" అన్నాను.

ఓవర్సీరు నేల చూశాడు. "అది ఆయన ముందర మీ పరువు కోసం అన్నాను బాబూ."

"అయితే తాకట్టా? విడిపించుకుంటాను."

"తాకట్టు కాదు బాబూ. అమ్మకం."

పళ్ళెం ఆయన చేతిలోనే పెట్టేసి, ఇంటికెళ్ళి అమ్మను నిలదీశాను. అమ్మ నడుముకున్న తాళంచెవి తీసి ఇనప్పెట్టె తెరిచింది. లోపల ఎర్రగుడ్డ, గుడ్డలో అట్లపెనం.

"పెట్టె జరిపితే తేలిగ్గా ఉంటాది, నీకు అనుమానం వచ్చేస్తాదని మీ నాన్నే పెట్టించారు" అంది.

నా అనుమానం గురించి మా నాన్నగారికి అంత గౌరవం ఉండేదని అప్పుడే తెలిసింది. ఏటేటా దసరాకు నేను గుడ్డ మీదే బొట్టు పెట్టి, వెన్ను నిటారుగా ఉంచి దండం పెట్టింది అట్లపెనానికి.

ఆదివారం వచ్చింది, బొమ్మ రాలేదు. హాలు ముందు తెలుగువాళ్ళంతా పిల్లాపాపలతో నిలబడ్డారు. ఓవర్సీరు ఎర్రగుడ్డ మూట గుండెకు హత్తుకుని ఒక పక్కన నిలబడ్డాడు. నేను నోరు మూసుకుంటే చాలు, కొనుక్కున్న పళ్ళెం నా పరువు కోసం ఇచ్చేసి వెళ్ళేట్టున్నాడు. చినజగ్గరాజు గారి మునిమనవడు ఒక ఓవర్సీరు దగ్గర కానుక పుచ్చుకోవడమా! మెట్టెక్కి, నా చేతిలోని మూట విప్పి పైకెత్తాను.

"మా ఇంట మిగిలిన పళ్ళెం ఇదే. ఆ పెద్దమనిషి చేతిలోది ఆయన సొంతం!"

"అట్లపెనమేటి రాజావారూ?" ఎవరో కేకేశారు. హాలు లోపల పడవలసిన ఈలలన్నీ బయటే పడ్డాయి. సంఘం పెనాన్ని స్వీకరించింది. ప్రతి ఉగాదికీ దాని మీదే అట్లు పోస్తారు. చాలా మంచి పెనం.

సముద్రాల అవతల జేజేలు కొట్టించుకున్న ఆ బొమ్మ, నెలల తరువాత గీతలు పడి మా ఊరు వచ్చింది. మంచుకొండలు వచ్చినప్పుడల్లా హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మాట చివర 'స్' వినపడినంత మాత్రాన ఇకపై దాన్ని ముఠాగా జమకట్టను. దేశాంతరాలు ఏలే డాలరు మీద ఎంత కోపం వచ్చినా, క్యాంప్ 1లో ఎవరి మంచం కిందా చెయ్యి పెట్టను. ముత్తాత సాక్షి, అట్లపెనం సాక్షి.

పళ్ళెం ఇప్పటికీ అప్పలనాయుడు గారి ఇంట్లోనే ఉంది. మా నాన్నగారు దాన్ని అమ్మేశారు.