గుర్రాన్ని బలిచ్చిన శుక్రవారం

కువైట్‌లో దిగిన కొత్తలో నేను జీతం కోసం బతికానంటే అబద్ధం, నిద్ర కోసం బతికాను. ఎండాకాలం సైటు పని, తెల్లవారుజామున మూడున్నరకే బస్సు. ఫహాహీల్‌లో మా గదిలో ఆరుగురం. నాది వంటింటి గోడ పక్కన పై మంచం; అటువైపు ఎవరు అట్టు వేసినా ఇటువైపు నేను వేగేవాణ్ణి. ఏసీ గాలి నేరుగా తగిలే కింది మంచం క్రేన్ అన్నది (జగిత్యాల వైపు మనిషి, క్రేన్ నడుపుతాడు కాబట్టి ఆ పేరు). ఆయనకి చదరంగం అంటే ప్రాణం. నేనేమో ఇంజనీరింగ్ హాస్టల్లో ఛాంపియన్ని (పోటీకి వచ్చింది నలుగురమే, అందులో ఒకడికి జ్వరం). ఒక గురువారం నోరు ఊరుకోక, "అన్నా, నేను గెలిస్తే మీ మంచం నాది, ఓడితే నెల్లాళ్లు మీ బట్టలు ఉతుకుతా" అన్నాను. "సరే తమ్మీ, రేపు సెలవే గద, నాష్టా అయినంక యల్లా, షురూ చేద్దాం" అన్నాడాయన.

ఆయన మంచం మీదే బోర్డు పరిచాం. వారమంతా నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయిదో ఎత్తుకే నా గుర్రాన్నీ శకటునీ ఒక గడి ఎడంగా నిలబెట్టాను. ఆయన బంటును ఒక్క అడుగు జరిపేసరికి రెండూ దాని నోటికి అందేలా అయ్యాయి. శకటు పోయింది. "ఛాంపియన్ అంటివి?" అన్నాడు జాలిగా. ఆయన గ్రీజు మరకల బట్టలు కళ్ల ముందు వేలాడాయి. ఇక తెగించాను. ఆయన రాజు ముందున్న బంటును నా గుర్రంతో కొట్టేశాను. రాజు ఆ గుర్రాన్ని హాయిగా కొట్టుకోవచ్చు. ఆ తర్వాత ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు. అయినా అంతా ముందే చూసుకున్నవాడిలా మొహం పెట్టి గోడకి చేరగిలబడ్డాను. "గుర్రాన్ని ఎవడన్న ఉట్టిగ ఇస్తడా? ఏదో ఉన్నది" అంటూ అన్న బోర్డు మీదికి వంగాడు. ఆయన ఆలోచిస్తున్నాడు. చల్లగాలి తగులుతోంది.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నా మీద దుప్పటి ఉంది. బోర్డు మీద ఆయన రాజు ఓటమి ఒప్పుకుని పడుకుని ఉన్నాడు. "ఖలాస్! నిద్రలనే గెలిచినవ్" అన్నారు గదిలోవాళ్లు. వారం రోజులు ఆ మంచం మీద కూర్చుని నా దాడి గురించి ఉపన్యాసాలిచ్చాను. మరుసటి శుక్రవారం ఆ ఆటను మళ్లీ పేర్చి చూపించబోతే, ఎంత తిప్పినా గెలుపు దొరకలేదు! వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న అన్న దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఆ గుర్రాన్ని కొడితే నేను ఓడిపోయేవాణ్ణి."

"ఎర్కే. కొట్టిన గూడ. నీ వంతని రెండుసార్లు లేపిన. రెండోసారి కండ్లు తెరవకుండనే, 'బస్సొచ్చిందా అన్నా' అని చెప్పులకోసం తడుముతున్నవ్. ఇగ లేపబుద్ధి కాలే. గుర్రాన్ని మళ్ల ఆడనే పెట్టి, నా రాజును పండవెట్టిన."

మంచం మీరే తీసుకోండన్నాను. "వద్దు, గా గాలికి మెడ పట్టుకుంటున్నది" అన్నాడు, ఆరేళ్లు ఆ గాలిలోనే పడుకున్న మనిషి.

అన్న ఊరికి వెళ్లిపోయి చాలా కాలమైంది. నేను కువైట్‌లోనే షర్క్ అనే చోట ఆఫీసు ఉద్యోగానికి మారాను. సెలవు రోజు మధ్యాహ్నం ఫోన్లో ఏ దేశం వాడో తెలియని మనిషితో చదరంగం ఆడుతుంటే ఇప్పటికీ కునుకు పడుతుంది. లేచేసరికి సమయం అయిపోయిందని, ఓడిపోయానని తెర మీద రాసి ఉంటుంది. నన్ను చూసి నేనే నవ్వుకుని, అటు తిరిగి పడుకుంటాను.