గీత తాకితే బయటే

దాలయ్య మావకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ వస్తువైనా సరిగ్గా ఎక్కడుందో కొలిచి తేల్చేదాకా ఆయనకి అన్నం సయించదు. ఈ జబ్బుని నయం చేయించాల్సింది పోయి, ప్రభుత్వం ముప్పై ఆరేళ్ళు జీతమిచ్చి పోషించింది. సర్వే శాఖలో చైన్‌మన్‌గా చీపురుపల్లి చుట్టుపక్కల పొలాలన్నిటి మీదా ఆయన గొలుసు లాగాడు. ఆఫీసుకి టేపులొచ్చాక పాత ఇనుములో పడేసిన గొలుసుని వేలంలో కొనుక్కుని మరీ రిటైరయ్యాడు. సన్మానంలో కప్పిన శాలువాని ఆ గొలుసు తుడవడానికి వాడాడు.

మా ఊరు గుల్లలపేట. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికీ జీడితోటలకీ మధ్య ఇరుక్కున్న చేపలవాళ్ళ ఊరు. సొంత ఊరు కదా అని మావ ఇక్కడికే తిరిగొచ్చాడు. ఊరు చేసుకున్న పాపం అలాంటిది. ఒక పెళ్ళి భోజనాల్లో పంక్తి వంకరగా ఉందని కూర్చున్నవాళ్ళని లేపి, తాడు పట్టించి, విస్తళ్ళు సరిచేయించాడు. ఈలోగా సాంబారు చల్లారింది. పెళ్ళికొడుకు మేనమామ అలిగి బస్సెక్కేశాడు.

"ఎల్తే ఎల్లనీ. పంక్తి తిన్నగా ఉన్నాదా నేదా, అది సూడు" అన్నాడు మావ.

ఇక తన సొంత హద్దు విషయంలో ఆయనకి దయాదాక్షిణ్యాలు లేవు. కుళాయి గొట్టం వేయడానికి పెరటి కంచెని ఆరంగుళాలు లోపలికి జరుపుకోమని పంచాయతీ వాళ్ళు అడిగారు. నాలుగేళ్ళు తిప్పాడు. చివరికి గొట్టమే ఆయన కంచెకి దణ్ణం పెట్టి చుట్టూ తిరిగి వెళ్ళింది. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నీళ్ళు ఆగి ఆగి వస్తాయి. ఆడవాళ్ళు రోజూ ఆయన్ని తలుచుకుంటూ బిందెలు నింపుకుంటారు.

ఇలాంటి మనిషి చేతికి 2012లో మా నవీన్ మాస్టారు అమెరికా ఫుట్‌బాల్‌ని అప్పగించాడు.

నవీన్ మాస్టారు మా హైస్కూల్లో పీఈటీ. విజయనగరం కుర్రాడు. టీవీలో ఆ ఆట చూసి మనసు పారేసుకుని, కోలగా ఉన్న బంతి ఒకటి తెప్పించాడు. చదువు అయిపోయి వలలు లాగుతున్న మాలాంటి వాళ్ళని పోగేశాడు. పెద్ద వల లాగే చేతులు కనుక బలానికి లోటు లేదు. ఉన్న లోటంతా బుర్రలకే. తుఫాను షెల్టర్ పక్కనున్న ఇసక మైదానంలో మమ్మల్ని కూర్చోబెట్టి మాస్టారు ఆట చెప్పాడు.

"నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకి తీసుకెళ్ళాలి. వెళ్ళిందో లేదో తేల్చడానికి గీత పక్కన గొలుసు పట్టుకుని మనుషులుంటారు."

దారిన పోతున్న దాలయ్య మావ ఆగిపోయాడు. "గొలుసేటి?"

"అవునండీ, ఇనప గొలుసు."

"అమెరికాలోన ఇంకా గొలుసే లాగతన్నారేటి. అయితే ఆలకి బుద్ధి ఉన్నాది" అని ఇంటికెళ్ళి, నూనె రాసిన గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి ఆటలో ఆడేవాళ్ళు మేము, ఆడించేవాడు ఆయన. పది గజాలంటే ఆయన గొలుసులో నలభై అయిదు లింకులు, మీద అర లింకుకి పిసరు తక్కువ. ఆ పిసరు ఎంతో తేల్చడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మేము బంతి ముట్టుకోలేదు.

తర్వాత గీత గొడవ వచ్చింది. మా జట్టులో చిరుతలా పరిగెత్తేవాడు గోవింద్. పక్క గీత మీద కాలేసి ముందుకెళ్ళిపోయాడు.

"గీత మీదే గదా. వాలీబాల్లో గీత మీద పడితే లోపలే" అన్నాడు గోవింద్.

"పొలంలో గట్టు ఇద్దరిదీ. సగం నీది, సగం నాది. మరి ఈ గీత ఎవల్ది మాస్టారూ?" అన్నాడు మావ.

మాస్టారు ఆట రూల్సున్న కాగితాలు తిరగేశాడు. "గీత ఎవరిదీ కాదండీ. గీత తాకితే బయటే."

మావ రెండు రోజులు దిగులుగా తిరిగాడు. పోరంబోకు సైతం సర్కారుదే తప్ప, ఎవరిదీ కాని జాగా అంటూ ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఆయన చూడలేదు. మూడో రోజు ఆ రూలు ఒంటబట్టింది. అక్కణ్ణించి ఊళ్ళో ఎవరు అరుగంచు మీద కూర్చున్నా "గీత తాకితే బయటే" అని లేపేసేవాడు.

అంతకంటే పెద్ద చిక్కు, బయటికెళ్ళాక బంతిని ఎక్కడ పెట్టాలన్నది. కాలు గీత తాకేసరికి బంతి చేతిలో మూరెడు ముందుంటుంది. కాలున్న చోటు కాదు, ఆ క్షణాన బంతి ముక్కు ఎక్కడిదాకా వెళ్ళిందో అదే లెక్కట. ఈ రూలు వినగానే మావ మొహం వెలిగిపోయింది. గోడలు కట్టే మేస్త్రీ దగ్గర తూకపు గుండు అరువు తెచ్చాడు. గోవింద్ గీత తాకగానే "ఆగు" అని అరిచేవాడు. వాడు చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి కొయ్యబొమ్మలా నిలబడాలి. మావ బంతి ముక్కు నుంచి గుండు వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా ఎదురుచూసేవాడు.

"మావా, సెయ్యి లాగేస్తన్నాది."

"కదిల్తే ఒక లింకు కోసేస్తాను."

అంతా చేసి తీరా చోటు తేలాక, మాస్టారు బంతిని తీసి మైదానం లోపలికి పట్టుకెళ్ళాడు. గీత పక్కన ఆడటానికి చోటుండదు కనుక, బంతి ఎక్కడ బయటికెళ్ళినా తిన్నగా లోపలి గీత దాకా తెచ్చి అక్కణ్ణించి మొదలెట్టాలట.

మావకి కోపమొచ్చింది. "ఇక్కడ పోనాది అక్కడ పెడతారేటి? హద్దు రాయి జరిపితే జైలు మాస్టారూ."

"ఇది రాయి కాదండీ, బంతి."

"మీకు బంతే. నాకు రాయే."

చివరికి గొలుసు గీత నుంచి లంబంగా కొలిచే పద్ధతి సర్వేలోనూ ఉందని ఆయనకే గుర్తొచ్చి శాంతించాడు. శాంతించి, ఆ లంబం తీసే కర్ర కూడా తెచ్చాడు. దాంతో మా ఆట ఎంత వేగం అందుకుందంటే, పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం అన్నాలవేళకి బంతి పదకొండు గజాలు నడిచేది. అమెరికాలో ఈ ఆట చూస్తూ జనం కేకలేస్తారట. మా దగ్గర జీడిపిక్కలు కాల్చుకుని తిని, ఒక కునుకు తీసి లేచేవారు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మైదానానికి తూర్పున సముద్రం ఒడ్డున దానమ్మ చేపలు ఆరబెట్టుకునే ఇసకంతా కోసుకుపోయింది. దానమ్మ ఒంటరి మనిషి. ఎండబెట్టిన నెత్తళ్ళు, సావళ్ళు గంపకెత్తుకుని పాతపట్నం సంత దాకా వెళ్ళి అమ్ముకుంటేనే ఆవిడకి గడుస్తుంది. ఆరబెట్టే జాగా లేకపోతే ఆవిడకి బతుకే లేదు. అందుకని టార్పాలిన్లు తీసుకొచ్చి మా తూర్పు గీత పక్కనే పరిచింది. పరిచిన మర్నాటి నుంచి యుద్ధం మొదలైంది.

"ఒసే దానమ్మా, నీ సేపలు నా గీత తాకినాయి."

"నీ గీత తగలెయ్య. సగం జాగా సముద్రం తినేసినాది. మిగిలిన సగం నువ్వు తింతావేటి బావా?"

"గీత తాకితే బయటే."

"ఉండు, సేపలకి నీ రూలు సదివి ఇనిపిస్తాను."

వరసకి మరదలు కదా, కాస్త చూసీచూడనట్టు పోవచ్చు. మావ పోడు. ప్రతి ఆదివారం పొద్దున్నే సున్నం బకెట్టుతో తనొక్కడే వచ్చి తూర్పు గీత వేసేవాడు. సాయం వస్తామంటే తరిమేసేవాడు. ఆవిడ టార్పాలిన్ల మధ్య మేకులు కూడా పాతాడు. వాటిని చూసినప్పుడల్లా దానమ్మ ఇసక తీసి మావ ఉన్న వైపు విసిరేది. ఆట మధ్యలో ఆ పక్కకి ఎవడు పరిగెత్తినా చాలు, మావ నోట ఒకటే మాట, "బయటే." ఇంకా లోపలున్నామని మేము ఒట్టు పెట్టుకుని చెప్పినా వినడు.

"దానమ్మ మీద కోపం మన మీద తీరుస్తన్నాడ్రా" అనేవాడు గోవింద్. నేనూ అదే అనుకున్నాను. ఇంత వయసొచ్చి ఒక ఒంటరి ఆడదానితో అడుగు నేల కోసం పోట్లాడతాడేమిటని నాకు ఆయన మీద అసహ్యం కూడా కలిగింది.

2016లో విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. ఈ ఆట సంఘం వాళ్ళు మా జట్టుకి ఇరవై హెల్మెట్లు, భుజాలకి కట్టుకునే మెత్తలు ఇస్తారు. అప్పటిదాకా మేము మోటార్‌సైకిల్ హెల్మెట్లతో ఆడుతున్నాం. గోవింద్‌కి రెండు ముందుపళ్ళు లేవు, నా ఎడమ చెవి ఒక కోణంలో ఉంటుంది. కానీ ఒక షరతు. మైదానం వెడల్పు నూట అరవై అడుగులు ఉండాలి. అడుగు తగ్గినా సామాను రాదు.

కొలవడానికి సుహాసిని మేడం స్టీలు టేపుతో వచ్చారు.

"కొలిచి చూసుకోండి మేడం, కానీ అనవసరం. మా దాలయ్య గారు వేసిన గీత. వెంట్రుకవాసి తేడా ఉండదు" అన్నాడు నవీన్ మాస్టారు, సొంత పెళ్ళిచూపుల్లో కూడా అంత గర్వంగా కూర్చుని ఉండడు.

మేడం కొలిచారు. నూట యాభై ఒకటి. మళ్ళీ కొలిచారు. నూట యాభై ఒకటి.

సముద్రం వెనక్కి నడిచిందన్నా నమ్మేవాణ్ణి గానీ, మావ కొలత తొమ్మిది అడుగులు తప్పిందంటే నేను నమ్మలేకపోయాను. ఊరంతా ఆయన వైపే చూసింది. ఆయన గొలుసు వైపు చూశాడు.

"గొలుసు సాగిపోనాది మేడం. పాతది గదా" అన్నాడు.

గోవింద్ బుర్ర ఎప్పుడూ పనిచేయదు. ఆ రోజే పనిచేసింది. "అదేటి మావా. గొలుసు సాగితే గ్రౌండు పెరగాల గానీ తగ్గదు గదా. నువ్వే గదా సెప్పినావు, సాగిన గొలుసుకి లింకు పొడుగు, అందుకని నేల ఎక్కువొస్తాదని."

మావ వాడి వైపు చూసిన చూపుకి వాడి మిగిలిన పళ్ళు కూడా రాలాల్సింది. "నీకు లెక్క నేర్పినందుకు నన్ను నేను కొట్టుకోవాల" అన్నాడు.

మేడం తూర్పు గీత దాటి చేపల మధ్యకి వెళ్ళారు. టార్పాలిన్ అంచు ఎత్తితే ఒక మేకు కనిపించింది. మేకుకి రేకు ముక్క, దాని మీద రంగుతో రాత. 'అసలు గీత, నవంబరు 2014.' మైదానం వైపు మూడడుగుల్లో ఇంకొకటి, 'మొదటి జరుపు.' మరో మూడడుగుల్లో 'రెండో జరుపు.' మూడో జరుపు ఇప్పుడున్న గీత, తగ్గిన తొమ్మిది అడుగులూ దానమ్మ చేపల కిందే ఉన్నాయి. దొంగతనం చేసినా దాన్ని కొలిచి, తేదీ వేసి, మేకు పాతకుండా ఉండలేని మనిషి ఆయన.

దానమ్మ ఆ మేకుల వంకే చూస్తూ నిలబడిపోయింది. "నా జాగా కలిపేసుకుందామని పాతినాడనుకున్నాను. రెండేళ్ళ నుండి తిడతన్నాను మేడం ఈ మనిషిని" అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఓ మాట సెప్పి ఏడవొచ్చు గదా బావా."

"సెప్తే నువ్వు తిట్టడం మానేస్తావు. నువ్వు మానేస్తే ఊరోలకి అనుమానం వస్తాది."

మేడం టేపు చుట్టారు. "పెద్దాయనా, మీరు చేసింది నాకు అర్థమైంది. కానీ నేను నూట అరవై రాయాలంటే ఇక్కడ నూట అరవై ఉండాలి."

దానమ్మ వంగి చేపలు గంపలోకి ఎత్తడం మొదలెట్టింది. "తీసేస్తాను. ఈ కుర్ర గుంటల మూతులు బాగుండాల."

"ముట్టుకున్నావంటే బాగోదు" అన్నాడు మావ.

గొలుసు భుజానికెత్తుకుని పడమటి వైపు నడిచాడు. ఆ పక్క అంతా ఖాళీయే, ఒక్క మూల తప్ప. ఆ మూల ఆయన పెరటి కంచె. పంచాయతీకి ఆరంగుళాలు ఇవ్వని కంచె. ముందు కొలిచాడు, అది వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిది అడుగులంటే పదమూడు లింకులు, మీద అర లింకు దాటి పిసరు. అక్కడ గుర్తు పెట్టి, కంచె పీకడం మొదలెట్టాడు. మేమంతా పరిగెత్తి చెయ్యేశాం. హద్దు రాయి దగ్గరకొచ్చేసరికి ఆయన చేతులు ఆగాయి. దాన్ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే పెకలించి, లోపలికి మోసుకెళ్ళి పాతుకున్నాడు.

"రాయి జరిపితే జైలన్నారు కదండీ" అన్నాడు మాస్టారు మెల్లగా.

"నా రాయి. నేను బంతనుకుంతన్నాను" అన్నాడు మావ.

మేడం నూట అరవై రాసి సంతకం పెట్టారు. ఇదే అదునని పంచాయతీ మనిషి ఒకాయన ముందుకొచ్చి, కంచె ఎలాగూ జరిగింది కనుక ఆ కుళాయి గొట్టం తిన్నగా వేసుకోవచ్చా అని అడిగాడు.

"కుదరదు" అన్నాడు మావ.

హెల్మెట్లు వచ్చాయి. మొదటి పోటీకి విజయనగరం జట్టు వచ్చింది. గోవింద్ తూర్పు పక్కన దూసుకెళ్ళి, సరిగ్గా దానమ్మ చేపల ముందు గీత తొక్కాడు. మావ ఆ చివర్నించి గుండు, కర్ర, గొలుసు మోసుకుంటూ వచ్చేసరికి దానమ్మ లేచి నిలబడి ఉంది.

"బయటే" అంది. గంపలోంచి ఎండు సావడ ఒకటి తీసి గీత పక్కన ఇసకలో నిలువునా గుచ్చింది. "బంతి ముక్కు ఈడున్నాది. నా కళ్ళతో సూసినాను."

మావ చేప వంక చూశాడు. దానమ్మ వంక చూశాడు. గొలుసు కింద పెట్టేశాడు. "రైటే" అన్నాడు.

"అదేంటి, కొలవరా?" అన్నాడు విజయనగరం కెప్టెన్.

"కొలిసినట్టే."

ముప్పై ఆరేళ్ళ సర్వీసులోనూ ఆ తర్వాతా దాలయ్య మావ కొలవకుండా ఒప్పుకున్న చోటు అదొక్కటే. ఆ ఆట మేము ఓడిపోయాం, అది వేరే సంగతి. జనం వెళ్ళిపోయాక మర్చిపోయిన హెల్మెట్టు కోసం వెనక్కి వస్తే, మైదానంలో మావ ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ళ మీద వంగి, ఎండు చేప పక్కన గొలుసు పరుస్తున్నాడు.

"తేడా ఎంతొచ్చింది మావా?" అన్నాను.

ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. దానమ్మ లేదని రూఢి చేసుకున్నాడు.

"ఒక లింకు. ఎవలికీ సెప్పకు" అన్నాడు.