కళ్ల కింద వదిలేసిన నలుపు

ముఖం మీది మచ్చల్నీ నలుపునీ కప్పే కన్సీలర్ ట్యూబు మూత తీయగానే వచ్చే ఆ మైనం వాసన ముక్కుకు తగిలితే చాలు, ఉయ్యూరులో మా పక్కింటి రత్నం పిన్ని గుర్తొస్తుంది. మేడమీది ఒంటిగదిలో బ్యూటీ పార్లరు నడిపేది. ఆవిడ చేయి పడ్డ ముఖానికి మే నెలలో కూడా, ఆవిడను అడక్కుండా చెమట పట్టేది కాదు.

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగానికి నేను డెమో క్లాసు ఇవ్వాల్సిన రోజది. అప్పటికే రెండు కాలేజీలు వద్దన్నాయి. మూడోదీ వద్దంటే చదువును అటకెక్కించి మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం. అందుకని నెల్లాళ్లు నిద్ర మానేసి చదివాను. కళ్ల కింద నలుపు ఎంత లోతుకు దిగిందంటే, అక్కడ బోరు వేస్తే నీళ్లు పడేవి. దాన్ని కప్పడానికి మా వైపు అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను: నా రంగుకు రెండు మెట్లు తెల్లటి ట్యూబు కొని, గోడకు సున్నం కొట్టినట్టు కొట్టాను.

పొద్దున్నే నన్ను చూసి పిన్ని తన పార్లరు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవిటే ఇది? ముఖానికి తెల్ల కళ్లజోడు పెయింటు వేయించుకున్నావా?"

"నలుపు కనపడకూడదని, పిన్నీ."

"నలుపు పోయి బూడిదొచ్చింది. కూర్చో. బస్సెన్నింటికి?"

"ఇంకో పావుగంటలో."

"బోలెడు టైము."

అంతా తుడిచేసి, ముందు నారింజరంగు క్రీము చుక్కలు పెట్టింది. నేను గావుకేక పెట్టాను.

"అరవకు. నలుపును మింగేది తెలుపు కాదు, నారింజ." ఉంగరపు వేలితో, పసిబిడ్డను జోకొట్టినంత మెత్తగా అద్దింది. దానిమీద అచ్చంగా నా చామనఛాయ కన్సీలర్. అద్దంలో ముప్పావు వంతు నలుపు మాయం. మిగతా పావు అలాగే ఉంది.

"ఇది వదిలేశావేం?"

"కావాలనే. పెళ్లిపీటలెక్కట్లేదుగా, పాఠం చెప్పడానికెళ్తున్నావు. జబ్బుదానిలా కనపడకుండా నేను చేశాను. కష్టపడ్డావని ఆ కాస్తా చెప్పనీ."

డెమోలో ప్రిన్సిపాల్ గారు నా ముఖంలోకి పరీక్షగా చూసి, "నిద్రపోలేదా మేడమ్?" అన్నారు. అంతకుముందైతే అబద్ధమాడి తడబడేదాన్ని.

"నెల్లాళ్లుగా లేదండీ. ఈ లెక్క మూడు దారుల్లో చెప్పగలను, ఏది చెప్పమంటారు?"

మూడూ చెప్పమన్నారు. చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇన్నేళ్ల తర్వాత కూడా, పిల్లలు అడిగిన లెక్క తెగకపోతే బోర్డు తుడిచేసి మాట మార్చను. "ఇది నాకు రాలేదు, రేపు చేసుకొస్తాను" అంటాను. మర్నాడు చేసుకెళ్తాను.