రెండో తెర, చిన్నాయన సలహా

ఒక్క స్విచ్చి ఆపి మా ఊరినంతా మాయం చేసిన దాన్ని నేను. ఎట్లనో చెప్తా, మీరు నవ్వుకోండి. ఆ పొద్దు మాత్రం నాకు నవ్వు రాలేదు.

పావగడ బజారులో శెట్టన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను టైపిస్టుని. కొత్తగా కంప్యూటర్ వచ్చినాది. దాన్లోనే శెట్టన్నకొక తెర, నాకొక తెర, ఒకదాని ఎనకాల ఒకటి. "ఈ మూడు బటన్లు ఒక్కసారి నొక్కితే నీ తెర పోయి నాది వస్తాది. నీది లోపల అట్లే ఉంటాది. అర్థమయినాదా?" అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఓ, అయినాదన్నా!" అన్నాను.

ఆ యేడు వాన లేక చెనిక్కాయ చేలల్లోనే మాడిపోయినాది. మా ఊరు మంగళవాడ రైతుల పేర్ల పట్టీ ఆ పొద్దు అయిదు గంటల లోపల తాలూకాఫీసులో ఇచ్చేయాల. దాన్లో పేరు లేనోళ్ళ పశువులకు సర్కారు మేత రాదు. మా నాయన పేరూ దాన్లోనే ఉండాది. చిన్నాయన పేర్లు కాగితం మింద రాసుకొచ్చి నా పక్కనే కూచున్నాడు.

పొద్దున్నుంచి పేర్లన్నీ కొట్టి, మూడు గంటలకు సంగటి తిని వస్తి. తెర మింద ఒక్క పేరూ లేదు!

"చిన్నాయనా, దీన్ని ఎవురన్నా ముట్టుకున్నారా?"

"శెట్టి వచ్చి ఏందో టకటక కొట్టి పాయ. ఏమయినాది పాపా?"

"ఊరు పోయినాది!"

మేత లేక మా ఎద్దులు సంతకు పోతాన్నట్లే కండ్లకు కట్టినాది.

"బెదరొద్దు. బోర్లో నీళ్ళు రాకుండా పోతే నేనేం చేస్తా? స్టార్టర్ ఆపి మళ్ళీ వేస్తా. ఆపి చూడు."

మునిగేవానికి గడ్డిపోచే ఆసరా అంటారు. ఆ యేడు మా తట్టు గడ్డి యాడిది? స్విచ్చి పట్టుకున్నాను. ఆపినాను. వేసినాను.

అప్పుడే శెట్టన్న లోపలికొచ్చినాడు. "ఏంది చేసినావమ్మా? నీ పేర్లు రెండో తెరలో భద్రంగా ఉండె గదా! సేవ్ చేసింటివా?"

"సేవ్ అంటే... ఏందన్నా?"

ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఇన్‌స్టిట్యూట్ పిల్లోళ్ళ పరీక్ష పేపరూ దాన్లోనే ఉండె!"

ఇంక ఏడ్చేదానికీ టైము లేదు. చెయ్యి అలవాటయిన పాత టైపు మిషన్ ముందర కూలబడినాను. చిన్నాయన పేర్లు చదువుతాంటే గబగబా కొట్టినాను. తాలూకాఫీసుకు పరిగెత్తితే గుమాస్తా బీగం చేతపట్టుకొని తలుపు మూస్తాండె. గొణుక్కుంటా పట్టీ తీసుకున్నాడు. అప్పటికి నాకు ఊపిరొచ్చినాది.

దోవలో అడిగినాను: "చిన్నాయనా, స్టార్టర్ ఆపి వేస్తే మీ బోర్లో నీళ్ళొచ్చెనా?"

"యాడ పాపా! మోటరు కాలిపాయ. నీకయినా కలిసొస్తాదేమో అనుకుంటి."

ఎదురుగా ఉండే శనీశ్వరుని గుడి తట్టు తిరిగి ఆడనే ఒట్టు పెట్టుకున్నాను: అర్థం కాకుంటే కాలేదనే చెప్తాను. ఎవురు సలహా చెప్పినా, ముందు వాళ్ళ మోటరెట్లుండాదో అడుగుతాను.