పులికంపలో మొర్రి మొక్కలు

ఖాలా పోయిందన్న కబురు నాకు కామారెడ్డి బస్టాండులో తెలిసింది. ఎల్లారెడ్డి బస్సు దిగిన మా కాలేజీ అటెండరు నన్ను చూసి ఆగి, "మేడం, మీరు ఎప్పుడు చెప్తుంటరు గద, నర్సరీ ఖాలా... నిన్న పొద్దుగాల పోయిందట. రేపు మూడోనాటి జియారత్" అన్నాడు. చేతిలోని కూరగాయల సంచి బెంచీ మీద పెట్టాను. ఆ సంచి అక్కడే మర్చిపోయి ఇంటికి వెళ్లాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఖాలా అంటే పెద్దమ్మో చిన్నమ్మో అని అర్థం. ఎల్లారెడ్డి దగ్గరి ఆ నర్సరీలో కూలీల నుంచి ఆఫీసరు దాకా అందరూ అలాగే పిలిచేవారు. భర్త పోయాక బీడీలు చేసి ఇద్దరాడపిల్లల్ని సాకుతూ, మొక్కల సంచుల్లో మట్టి నింపే పనికి వచ్చి, చివరికి కూలీల మీద మేస్త్రీ అయింది. నేను బోటనీలో డిగ్రీ పూర్తిచేసి, ఆరు నెలల శిక్షణకని ఆమె దగ్గరికి వెళ్లాను. పదిహేనేళ్ల కిందటి మాట. గుట్టనంతా కమ్మేసిన పులికంప ముళ్లపొదలను తొలగించి, ఆ గుట్ట సొంత చెట్లను మళ్లీ పెంచడం మా పని.

మొదటి రోజే నేను ఆమెకు పాఠం చెప్పాను. ఈ పులికంప మన దేశపు మొక్క కాదనీ, పూలకోసం తెల్లవాళ్లు తెచ్చారనీ, శాస్త్రీయ నామం ఇదనీ. ఆమె తలూపుతూ అంతా విని, "పేరు మంచిగున్నది. ఇగ తియ్యి" అంది. కొడవలి పట్టుకుని సాయంత్రం దాకా నరికాను. చేతులు బొబ్బలెక్కాయి, నేను మాత్రం గాల్లో తేలిపోయాను. పదిహేను రోజులు తిరక్కుండానే నరికిన ప్రతి మోడూ పది పిలకలు వేసింది. ఖాలా పకపకా నవ్వింది.

"జుట్టు కత్తిరిస్తె మనిషి సస్తడా బిడ్డా? దాని మెడ మన్నుల ఉంటది. ఆడ కొట్టాలె."

గడ్డపారతో మట్టి తవ్వి, వేరుకు పైన మెడలాంటి చోటు చూపించి, అక్కడ తెగ్గొట్టించింది. కోసిన పొదను తలకిందులుగా, వేర్లు ఆకాశంవైపు ఉండేలా బండమీద పడేయించింది. కొమ్మ మట్టికి తగిలితే మళ్లీ వేరు పోస్తుందట. వానలు పడ్డాక పిగిలిపిట్టలు వాలే చెట్ల కింద దాని కొత్త మొలకల కోసం వెతకమనేది. పండు తిన్న పిట్ట అక్కడే గింజ వదులుతుంది కదా. నాలుగేళ్ల డిగ్రీలో ఎవరూ నన్ను పిట్ట కూర్చునే చోటు చూడమనలేదు. అన్నట్టు, డిగ్రీ మూడేళ్లే. ఒక ఏడాది తప్పాను, ఆ సంగతి ఖాలాకు ఒక్కదానికే చెప్పాను.

ఆమెకు సారపప్పు కాసే మొర్రి చెట్టు పండ్లంటే ప్రాణం. ఎండాకాలం తట్టల్లో అమ్మకానికి వస్తే కొనుక్కుని తినేది, గింజ మాత్రం పారేసేది కాదు. కొంగున ముడేసుకుని, తొలివాన పడగానే గుట్టెక్కి ఎక్కడెక్కడో నాటి వచ్చేది. ఎక్కడ అని నేను అడగలేదు. నా తలపొగరు అలాంటిది, పుస్తకంలో లేనిదాన్ని అడిగేదాన్ని కాదు.

ఆఖరి నెలలో ఖాలా పెద్దకూతురి కాన్పుకని నాలుగు రోజులు బాన్సువాడ వెళ్లింది. ఆ వారమే పై అధికారి గుట్ట చూడ్డానికి వస్తున్నాడన్నారు. నాకు ఉత్సాహం ముంచుకొచ్చింది. కొత్తగా చేరిన కూలీలను వెంటేసుకుని మిగిలిన వాలంతా శుభ్రం చేయించడానికి బయల్దేరాను. అక్కడ పాతిక ముప్పై పొదలకు ఆకుపచ్చ గుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి. దర్గా మొక్కులనుకున్నాను. ఒకళ్ల నమ్మకం సంగతి అడగడం మర్యాద కాదనుకుని, చెప్పులు విడిచి, ఒక్కొక్క పేలికా విప్పి, నర్సరీ ముందున్న వేపచెట్టుకు భక్తిగా కట్టాను. తర్వాత పొదలన్నీ కొట్టించేశాను. లోపలి నుంచి సన్నటి మొక్కలు బయటపడ్డాయి. బాగున్నాయి, గాలీ వెలుతురూ తగులుతాయిలే అనుకున్నాను.

ఖాలా వచ్చేసరికి మేకలు వచ్చి వెళ్లాయి. ఆకు లేదు, చిగురు లేదు, నేలమీద పుల్లలు మిగిలాయి.

ఆ మొక్కలు మొర్రివి. నాలుగేళ్లుగా ఆమె గింజ గింజా నాటి, మేకమూతి దూరని ముళ్లపొదల్లో దాచి పెంచినవి. మొక్క మేకకు అందనంత ఎత్తు ఎదిగేదాకా ఈ పొదను ముట్టొద్దని గుర్తుకు, చిన్నకూతురి పాత లంగా చింపి పేలికలు కట్టింది. ఖాలా కూర్చుని ఒక్కో పుల్లనూ వేలితో తాకి చూసింది. నేను ఏడుస్తూ పేలికల సంగతి చెప్పాను.

"గౌరవం తర్వాత బిడ్డా," అంది, "ముందుగాల అడుగు."

మర్నాడు ఆఫీసరు ఆ పై అధికారిని వెంటబెట్టుకొచ్చి మొర్రి మొక్కలేవని అడిగాడు. ఆయన్ని అంతదూరం తీసుకొచ్చింది అవి చూపించడానికేనట. నోరు తెరిస్తే శిక్షణ పోతుంది, ఉద్యోగం ఆశ పోతుంది. ఉద్యోగం రాకపోతే పెళ్లి చేసేద్దామని మా నాన్న కాచుక్కూర్చున్నాడు. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నేనే తీయమన్న సార్," అంది ఖాలా. "నాదే తప్పు."

ఆమెను పనిలోంచి తీసేశారు. నాకు సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ వారం ఆమె ఇంటికి వెళ్లి, ఆఫీసరుకు నిజం చెప్పేస్తానన్నాను. చాటలో తునికాకు కత్తిరిస్తూనే, "చెప్తె నీ కాయితం పోతది, నా మొక్కలు రావు. నాకు బీడీలున్నయి. నువ్వు పోయి పదిమందికి మెడ యాడుంటదో చూపెట్టు" అంది. నేను చెప్పలేదు. ఆమె వద్దన్నందుకు అని ఇన్నాళ్లూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను.

ఏడాది తర్వాత కొత్త ఆఫీసరు వచ్చి ఆమెను మళ్లీ పనికి పిలిచాడు. నేను కామారెడ్డిలో లెక్చరర్నయ్యాను. అప్పట్నుంచి ప్రతి వానాకాలం నా విద్యార్థులను ఆమె దగ్గరికే తీసుకెళ్లాను. గడ్డపార పట్టడం, ముందు అడగడం, రెండూ ఆమే నేర్పింది. వాళ్ల ముందు నా తప్పు ముచ్చట ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. ఆ పిల్లల్లో కొందరు ఇవాళ గాంధారి, జుక్కల్ గుట్టల మీద చెట్లు పెంచుతున్నారు. నాకు అన్నం పెట్టిన చదువు ఏదంటే, ఆ గుట్ట మీదిదే అంటాను.

జియారత్ నాడు వెళ్లాను. లోపల ఆడవాళ్లంతా చాప మీద గోడవారగా కూర్చుని మెల్లగా ఖురాను చదువుకుంటున్నారు. ఖాలా చిన్నకూతురు లేచి రమ్మంది. కూర్చోబుద్ధి కాలేదు. గుమ్మంలోనే నిలబడి, అందరూ వింటుండగా చెప్పేశాను: "ఆ మొర్రి మొక్కలు పోగొట్టింది మీ అమ్మ కాదు. నేను."

ఆమె నావంక వింతగా చూసింది.

"మాకెరుకనే గద మేడం. అమ్మీ గా దినమే చెప్పింది. గా పిల్ల పేరు బయటికొస్తె నా మీద ఒట్టే అన్నది. గా యేడు నేను సుత బడి బంద్ జేసి బీడీలు చేసిన. ఒక్క యేడే, మళ్ల పోయిన." తన పక్కనున్న ముసలామె మోకాలు తట్టింది. "జరుగు నానీ, మేడం కూసుంటది."

ముసలామె జరిగింది. ఆమె పక్కనున్నామె జరిగింది. చదవడం ఆపకుండానే, పెదవులు కదుపుతూనే, ఆ గోడ పొడుగునా ఒకరి తర్వాత ఒకరు కాస్త కాస్త జరిగారు.