అక్క వేలి మీది ఏనుగు వెంట్రుక

తల్లి చనిపోయిన ఏనుగు పిల్లలను చూడాలంటే ముందు ఒక పత్రం నింపాలి. మూడు పేజీలు. దక్షిణాన మరో రాష్ట్రంలో, అడవి అంచున ఉన్న కొన్ని ఊళ్లవాళ్లు కలిసి ఆ పిల్లలను సాకుతున్నారు. యజమాని అంటూ ఎవరూ లేరు. నిబంధనలు కూడా ఊరివాళ్లే కూర్చుని రాసుకున్నారు. ముట్టుకోకూడదు. తినడానికి ఏమీ పెట్టకూడదు. కొబ్బరికాయలు, హారతులు పనికిరావు. అత్తరు, మల్లెపూల వాసన ఉండకూడదు. మధ్యాహ్నం పిల్లలు పాలు తాగే వేళ గంటసేపు తాడుకు ఇవతల నిలబడి చూసి వెళ్లిపోవాలి.

జీవితమంతా మొక్కులకూ ముడుపులకూ వ్యతిరేకంగా మాట్లాడినవాణ్ని. నా ఉపన్యాసాలు విన్నవాళ్లెవరో ఆ పత్రం రాశారా అనిపించింది. ప్రతి నిబంధనకూ తల ఊపుతూ మూడో పేజీకి వచ్చాను. అక్కడ ఆగిపోయాను.

ఏనుగు దంతంతో, ఎముకతో, వెంట్రుకలతో చేసిన ఏ వస్తువునూ ధరించి రాకూడదు, అని ఉంది. దాని కిందే, అలాంటిదేమైనా ధరించి వస్తున్నారా అన్న ప్రశ్న.

వంటింట్లో అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె ఎడమచేతి వేలికి నల్లగా, సన్నగా, రెండు ముడుల ఏనుగు వెంట్రుక ఉంగరం. అది మా అమ్మదని నాకు తెలుసు. తెలుసు అనే అనుకున్నాను.

ఈ ప్రయాణం అక్కది. మా చుట్టం ఒకరు ఫోన్‌లో పంపిన చిన్న వీడియోతో మొదలైంది. ఒక ఆడమనిషి పాలసీసా పట్టుకుని నిలబడి ఉంటుంది. ఏనుగు పిల్ల తాగదు. ఆమె పక్కన రెండు గుంజల మధ్య మందపాటి దుప్పటి వేలాడదీస్తారు. పిల్ల ఆ దుప్పటికి తొండం ఆనించి, కళ్లు మూసుకుని, అప్పుడు తాగుతుంది. తల్లి పొట్ట అనుకుంటుందట. అక్క దాన్ని మళ్లీ మళ్లీ చూసింది.

"నువ్వు గూడ గట్లనే ఉంటుంటివి తమ్మీ," అంది. "అమ్మ చీర కట్టుకుంటేనే నా చేతి ముద్ద తింటుంటివి."

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకు పదమూడు. నల్గొండ పల్లె నుంచి మన్సూరాబాద్‌లోని ఈ ఇంటి దాకా నన్ను లాక్కొచ్చింది ఆమే. ఇన్నేళ్లలో నన్ను ఏదీ అడగలేదు. మొన్న అడిగింది. "ఒక్కసారి చూసొద్దాం. ఈ ఏడు పోకపోతే ఇగ పోను. మోకాళ్లు నడవనిస్తలేవు." డాక్టరు కూడా అదే మాట అన్నాడు. ఆపరేషన్ అయ్యాక అంత దూరం, ఆ కొండ దారి, మరిచిపొమ్మన్నాడు.

అందుకే ఆ మూడో పేజీ నన్ను భయపెట్టింది. అమ్మ గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క వస్తువును తీయమంటే అక్క ప్రయాణమే మానుకుంటుందని నా భయం. దానికి తోడు ఆ మాట అడిగే నోరు నాది.

ఆ నోటి సంగతి చెప్పాలి. నేను చిన్నప్పుడు రాత్రుళ్లు జడుసుకుని అరిచేవాణ్ని. ఊళ్లోకి ఏనుగును తెచ్చిన మావటి దగ్గర అమ్మ రెండు వెంట్రుకలు తీసుకుంది. ఒకటి నా వేలికి, ఒకటి తన వేలికి. ముడులు జరిపితే ఎంతటి వేలికైనా సరిపోయేవి. తర్వాత, ఇరవై రెండేళ్ల వయసులో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న హాలులో సభ పెట్టాం. నేను అక్క రేకు డబ్బాలోంచి ఉంగరం ఒకటి తీసుకెళ్లి, "ఇది మా అమ్మ భయం పోవాలని నాకు తొడిగింది" అని పైకెత్తి చూపించి, అగ్గిపుల్లతో కాల్చాను. "నాకేమైనా అయిందా?" అని అడిగాను. చప్పట్లు మోగాయి. ఆ కథను ఆ తర్వాత ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు.

అక్కకు చెప్పకుండా ముందు ఏనుగు పిల్లలను సాకే ఆ ఊరివాళ్లకే ఫోన్ చేశాను. ఒకావిడ మాట్లాడింది. పెద్దావిడ, తల్లి జ్ఞాపకం, ఒక్కసారికి మినహాయింపు ఉంటుందా అని అడిగాను. మొక్కుబడులకు మినహాయింపులు అడిగేవాళ్లను ఎంత వెక్కిరించానో గుర్తొచ్చి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఉండదని ఆమె మర్యాదగానే చెప్పింది. వచ్చినవాళ్ల వేళ్లకు అవి కనిపిస్తే వాటికి గిరాకీ ఉందని చుట్టుపక్కల వాళ్లకు తెలుస్తుంది, తోకల కోసం ఏనుగుల వెంట పడతారు అంది.

"నకిలీది అయితే?"

"నకిలీది అయితే మాకు అభ్యంతరం లేదు. కానీ నకిలీదని మీకెలా తెలుసు?"

నేను ఇతరులను అడగవలసిన ప్రశ్న అది.

మెట్లు దిగుతుంటే కింది వాటా ఆవిడ ఎదురైంది. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం.

"బాబాయిగారూ, ఏనుగుల దగ్గరికి వెళ్తున్నారటగా! మా మనవడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడండీ. ఒక్క వెంట్రుక పట్టుకురండి."

"డాక్టరుకు చూపించండమ్మా."

"చూపిస్తూనే ఉన్నామండీ. ఆయన మందు ఆయన ఇస్తాడు. ఇది కూడా ఉంటే పోయేదేముంది? అయినా మీరు నమ్మరు కదా, మీరు తెస్తే దోషం కూడా అంటదు లెండి!"

పోయేదేముంది అనే ఆ వాదాన్ని నేను వేదికల మీద చాలాసార్లు ఓడించాను. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను.

రెండు రోజుల తర్వాత అక్కకు మెత్తటి బూట్లు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు మెట్రో స్టేషన్ బల్ల మీద ఆమె కొత్త బూట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక దాచలేక జేబులోంచి పత్రం తీసి, మూడో పేజీలోని ఆ వాక్యం చదివి వినిపించాను.

"గంతేనా? రెండు దినాల సంది మొఖం గట్ల పెట్టుకున్నవ్, ఏం రోగమొచ్చెనో అనుకున్న."

"అమ్మది కదా అక్కా. తియ్యమననీకె నోరు రాలే."

అక్క నా వైపు తిరిగింది. "అమ్మదా? అమ్మది యాడున్నది? నువ్వు కాలవెట్టినవ్ కదా."

నాకు అర్థం కాలేదు. నేను కాల్చింది నాది అన్నాను.

"నీది ఎనిమిదేండ్లప్పుడే చెర్ల పోగొట్టుకున్నవ్, ఈతకు పోయి. డబ్బల ఉన్నది ఒక్కటే. అమ్మది. ఇది నువ్వు కాలవెట్టినంక గీ రోడ్డు మీదనే కొన్న."

ఎల్.బి. నగర్ వైపు బండి వచ్చింది, వెళ్లిపోయింది. మేము లేవలేదు. సాక్ష్యం చూపించమని ఊళ్లూ వాడలూ తిరిగి అడిగినవాణ్ని. డబ్బాలో ఉన్నది ఎవరిదని ఒక్క మాట అక్కను అడగలేదు.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తుంటివి? దాని మీద గూడ సభ పెడ్తుంటివి." నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది, "నీ ఉంగరం పోయినంక గూడ నువ్వు జడుసుకోలే. దాంట్ల ఏం లేదని నాకు గప్పుడే తెలిసె."

"మరి ఎందుకు కొన్నవ్?"

"అన్నం కలుపుతుంటే అమ్మ చేతికి కనపడ్తుండె. గందుకు."

నేను కాల్చింది ఒక నమ్మకాన్ని అని ఇన్నేళ్లూ అనుకున్నాను. అక్కకు ఆ నమ్మకం అప్పటికే లేదు.

ఇంటికి వచ్చాక అక్క ఉంగరం తీసి వంటగట్టు మీద పెట్టింది. "రోడ్డు మీద కొన్నది, ప్లాస్టిక్‌దే కావచ్చు. ప్లాస్టిక్‌దైతే పెట్టుకోని పోతా. కాల్చి చూడు, నీకు అలవాటే గదా."

"వద్దక్కా. వాళ్లకు రాస్త. ఏదో ఒకటి చెప్త."

"అబద్ధం రాస్తవా?"

అక్కే కత్తెరతో ముడి దగ్గర కొసను కత్తిరించి, పట్టకారుతో పొయ్యి మంటలో పెట్టింది. కరగలేదు. బొట్టుగా కారలేదు. మెలితిరిగి ముడుచుకుపోయింది. వంటిల్లంతా వెంట్రుకలు కాలిన కమురు వాసన.

"అసలుదే," అంది.

ఆమె ముఖం చూడలేక, "బతికున్న ఏనుగుది కావచ్చు. గుళ్లల్ల ఏనుగుల తోక నుంచి తీస్తరు. దాన్ని సంపి తెచ్చిందే కానక్కర లేదు," అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే అవకాశం ఉంది.

"అడిగి తీస్కున్నరా?" అంది అక్క.

మిగిలిన ఉంగరాన్ని ఆమె రేకు డబ్బాలో వేసి మూత పెట్టింది. వేలి మీద అది ఉన్నచోట చర్మం తెల్లగా, కాస్త నొక్కుకుపోయి ఉంది. రోజంతా బొటనవేలితో అక్కడే రుద్దుకుంటూ కనిపించింది.

మర్నాడు కింది వాటా ఆవిడ తలుపు కొట్టింది. వెంట్రుక సంగతి మరిచిపోవద్దని చెప్పడానికి వచ్చింది. నేను లేవబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టి తానే గుమ్మం దాకా నడిచింది.

"వెంట్రుకలు తెచ్చుడు లేదమ్మా. పిల్లగాడు జడుసుకుంటే పక్కల పండబెట్టుకో. మీద చెయ్యి వెయ్యి. మా తమ్మికి నేను గదే చేసిన."

ఆవిడ నా వైపు చూసింది. నేను పత్రం మూడో పేజీ తీసి, ఆ ప్రశ్నకు ఎదురుగా "లేదు" అని రాశాను. ఆ కింద ముందు అక్క సంతకం పెట్టింది. తర్వాత నేను పెట్టాను.